ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు: తెలుగువారు ఏ జంటలు సాధన చేయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కార్యాలయంలో పనిచేస్తున్నారు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివారు. మెయిళ్లు బాగానే రాస్తారు గానీ ఫోనులో విదేశీ కొనుగోలుదారులు మీ మాటను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంటున్నారు. షిప్, షీప్, రైట్, లైట్ వంటి జంట మాటల జాబితా ఒకటి దొరికితే రెండు నెలలుగా రోజూ పైకి చదువుతున్నారు. మార్పు కనబడలేదు. ఈ సాధన అసలు పనికొస్తుందా, వస్తే ఎలా చేయాలి అన్నది మీ ప్రశ్న.

పనికొస్తుంది. కానీ మీ చేతిలో ఉన్న జాబితాతో రాదు. ఆ జాబితా జపాన్, చైనా, స్పానిష్ మాట్లాడే దేశాల వారి ఇబ్బందులను చూసి తయారైనది. ర, ల తేడా జపాను వారికి పెద్ద గండం. మనకు ఉగ్గుపాలతో వచ్చింది. షిప్, షీప్ కూడా అంతే. హ్రస్వ దీర్ఘాలు మన భాషకు ప్రాణం. పలక, పాలక అనే మాటలను కలిపేసే తెలుగువారు ఉండరు కదా. అంటే మీరు రెండు నెలలుగా ముందే వచ్చిన పాఠాన్ని వల్లె వేస్తున్నారు. మీకు కావలసింది తెలుగు నోటికి తగిన జాబితా. దాన్ని కూడా నోటితో కాక చెవితో మొదలుపెట్టాలి.

నేను పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పుతున్నాను. విదేశాలకు వెళ్లే నర్సులు, మీలాగే ఎగుమతి కార్యాలయాల్లో పనిచేసేవారు, ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే ఇంజనీరింగ్ విద్యార్థులు నా దగ్గరికి వస్తుంటారు. కింద రాసేదంతా వాళ్లతో కూర్చుని చేయించిన పని నుంచి వచ్చినదే.

మీ జాబితా మీరే తయారు చేసుకునే తేలిక మార్గం ఒకటుంది. రెండు ఇంగ్లీషు మాటలనూ తెలుగు లిపిలో రాయండి. రెండూ ఒకేలా వస్తే ఆ జంట మీకు కావాలి. వేరుగా వస్తే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మన లిపి మనం పలికినట్టే రాస్తుంది కాబట్టి మన చెవి ఎక్కడ రెండు ధ్వనులను ఒకటిగా కలిపేస్తున్నదో కాగితం మీద చూపించేస్తుంది.

రాసి చూడండి. ఖర్చును కాస్ట్ అని రాస్తాం, కులాన్ని కూడా కాస్ట్ అనే రాస్తాం. సరుకు నిల్వ స్టాక్, మొక్క కాడ కూడా స్టాక్. పడమర వెస్ట్, లోపల తొడిగే బనియను కూడా వెస్ట్. ద్రాక్ష తీగ వైన్, ద్రాక్ష సారా కూడా వైన్. పద్యం వర్స్, మరింత అధ్వానం కూడా వర్స్. అసూయపడేవాడు జెలస్, అత్యుత్సాహం చూపేవాడు కూడా జెలస్. చొక్కా మెడపట్టీ కాలర్, ఫోను చేసినవారు కూడా కాలర్. నూతన సంవత్సరం న్యూ ఇయర్, చెవిలో పెట్టుకునేది ఇయర్ ఫోన్. ఇంగ్లీషువారి చెవికి వీటిలో ఏ జంటలోనూ రెండు మాటలు ఒకటి కావు. ఆ భాషకు 26 అక్షరాలే ఉన్నా, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 24 హల్లులు, 20 అచ్చులు, మొత్తం 44 ధ్వనులను లెక్కిస్తారు. వాటిలో కొన్ని మన వర్ణమాలలో ఒకే గదిలో సర్దుకుంటాయి. అక్కడే మనకు పని ఉంది.

ఇంత చదువుకుని ఈ చిన్న తేడా వినలేకపోతున్నామే అని చాలామంది నా దగ్గర చిన్నబుచ్చుకుంటారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. 1984లో కెనడాలో వర్కర్, టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు కుటుంబాల పసిపిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండింటినీ వేరుగా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి సన్నగిల్లింది. ఇక పెద్దలకైతే త, ట ఒకేలా వినిపిస్తాయి. మనకు పగలు రాత్రిలా వేరుగా ఉండే త, ట వాళ్లకు ఒకటే అయినప్పుడు, వాళ్లకు వేరుగా ఉండేవి మనకు ఒకటిగా వినిపించడంలో వింత లేదు. ఇల్లు మాట్లాడే భాషకు తగ్గట్టు చెవి స్థిరపడిపోతుంది.

స్థిరపడిన చెవి మళ్లీ కదులుతుంది కూడా. 1991లో లోగన్, లైవ్లీ, పిసోని అనే పరిశోధకులు జపాను వారికి ర, ల ఉన్న జంట మాటలను అనేక గొంతులతో వినిపించి శిక్షణ ఇచ్చారు. వారి గుర్తింపు మెరుగుపడింది. అలా వినికిడి శిక్షణ మాత్రమే పొందినవారి ఉచ్చారణ కూడా బాగుపడిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇక్కడ ముఖ్యమైన సంగతి, అనేక గొంతులు. ఒక్క మాస్టారి గొంతు వింటూ నేర్చుకున్నవారికి ఆయన మాట అర్థమవుతుంది, ఫోనులో ఇంకొకరు పలికితే మళ్లీ మొదటికి వస్తుంది. మీరు రెండు నెలలుగా విన్నది మీ ఒక్కరి గొంతే. మీ చెవికి ఆ రెండు మాటలూ ఒకటే అయినప్పుడు, వందసార్లు చదివితే ఉన్న అలవాటే గట్టిపడుతుంది.

ఇక జంటల దగ్గరికి వద్దాం. అన్నింటికీ సమానమైన బరువు లేదు. మీ ఉద్యోగానికి ఎక్కువ పనికొచ్చేవాటి దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

ప, ట, క: మనకు తేడా తెలిసినా అవతలివారికి తెలియని జంటలు. పైన చెప్పిన లిపి పరీక్షకు ఇవి దొరకవు. అందుకే విడిగా చెబుతున్నాను. మీరు చెరువును పాండ్ అంటారు, ఒప్పందపత్రాన్ని బాండ్ అంటారు. మీ వరకు రెండూ స్పష్టంగా వేరు. కానీ ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ప, ట, క ధ్వనుల వెంట గాలి బలంగా వస్తుంది. మన ప లో ఆ గాలి ఉండదు. గాలి లేని ప వాళ్ల చెవికి బ లాగా తోస్తుంది. కాబట్టి పంపు అనుకుని మీరు పలికిన మాట వాళ్లకు బంప్ అనీ, పీతను క్రాబ్ అంటే గ్రాబ్ అనీ, కోల్డ్ స్టోరేజీ అంటే గోల్డ్ అనీ, టౌన్ అంటే డౌన్ అనీ వినిపించే అవకాశం ఉంది. రొయ్యల వ్యాపారంలో పాండ్, పంప్, ప్యాక్, ప్రైస్, టన్, టైమ్, కౌంట్, కోల్డ్ లేకుండా ఒక్క ఫోను సంభాషణ కూడా సాగదు. మీ కొనుగోలుదారు మళ్లీ అడగడానికి మొదటి కారణం ఇదే అయి ఉంటుందని నా అంచనా.

దీనికి సాధన సులువు. పల్చటి కాగితం ముక్కను పెదవుల ముందు వేలాడేలా పట్టుకుని పిన్ అనండి. కాగితం ఎగరాలి. తర్వాత స్పిన్ అనండి. ఈసారి కాగితం కదలకూడదు, ఎందుకంటే స తర్వాత వచ్చే ప కు ఇంగ్లీషులోనూ ఆ గాలి ఉండదు. అక్కడ మన ప సరిగ్గా సరిపోతుంది. క తో మొదలుపెడితే ఇంకా తొందరగా పట్టుబడుతుంది, ఎందుకంటే ఖ మన వర్ణమాలలోనే ఉంది. కోల్డ్ అనేటప్పుడు ఖోల్డ్ అనడానికి దగ్గరగా వెళ్లండి. ప విషయంలో మాత్రం ఫ ను ఆశ్రయించకండి. ఇవాళ మనలో ఎక్కువమంది ఫ ను పళ్లు పెదవికి ఆనించి ఫ్యాను లోని ధ్వనిలా పలుకుతున్నారు. అలా పలికితే ప్యాక్ చేయమని చెప్పబోయి ఇంకేదో చెప్పినట్టవుతుంది. రెండు పెదవులూ పూర్తిగా మూసి, ఒత్తిడితో విడవాలి.

2000లో జెన్నిఫర్ జెన్కిన్స్ అనే పరిశోధకురాలు, వేర్వేరు మాతృభాషల వారు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడకుండా ఉండాలంటే ఏవి తప్పనిసరి అన్నది పరిశీలించి ఒక జాబితా ఇచ్చారు. ఈ గాలి విషయం అందులో ఉంది. థ్యాంక్స్ లోని మొదటి ధ్వని మాత్రం తప్పనిసరి కాదన్నారు. మన వాళ్లు థ్యాంక్స్, త్రీ, దెన్ లను నాలుక బయటకు పెట్టి పలకడానికి నెలలు వెచ్చిస్తారు. మీకు ఆ తొందర అక్కరలేదు. ముందు ప, ట, క లను బాగు చేసుకోండి.

వ: ఒక్క అక్షరంలో రెండు ధ్వనులు. మన వ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కింది పెదవి పై పళ్ల దగ్గరికి వెళ్తుంది కానీ వాటిని ఒరుసుకోదు. ఇంగ్లీషులో ఒక వ కు పై పళ్లు కింది పెదవిని తాకాలి, తాకిన చోట సన్నటి రొద రావాలి. ఇంకో వ కు పళ్లతో పనే లేదు, పెదవులు ఉ అనేటప్పటిలా గుండ్రంగా ముందుకు రావాలి. రెండోదాన్ని పట్టుకోవడానికి ముందు ఉ అని ఆగి, అక్కడి నుంచి జారండి: ఉ, ఎస్ట్. వేగం పెంచితే పడమర దిక్కు వస్తుంది. బనియనుకు పళ్లు పెదవికి ఆనించి మొదలుపెట్టండి. అద్దం ముందు చేస్తే తేడా కంటికే కనిపిస్తుంది.

మీ వృత్తిలోనే దీనికి చక్కటి సాధన వాక్యం సిద్ధంగా ఉంది. రొయ్యలకు వచ్చే తెల్ల మచ్చల వైరస్‌ను ఇంగ్లీషులో ఏమంటారో మీకు తెలిసిందే: వైట్ స్పాట్ వైరస్. మొదటి వ గుండ్రటి పెదవులది, రెండోది పళ్లది. వనామీ (రొయ్య రకం) పళ్లది, వాటర్ గుండ్రటిది, వెయిట్ గుండ్రటిది, వాల్యూ పళ్లది. ఈ ఐదారు మాటలు రోజూ మీ నోట్లో ఆడేవే కాబట్టి పుస్తకాల్లోని వైన్, వెస్ట్ ల కంటే ఇవే మీకు మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుండ్రటి వ కొత్తగా నేర్చుకున్నవారు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. వెరీ, విలేజ్, వైరస్ కూడా గుండ్రంగా అయిపోతాయి. కొత్త ధ్వని చేతికి వచ్చిన తొలి వారాల్లో ఇది దాదాపు అందరికీ జరుగుతుంది. అందుకే రెండింటినీ ఎప్పుడూ జంటగానే, ఒకదాని వెంట ఒకటి పలకండి. ఒక్కదాన్నే పట్టుకుని రుద్దకండి.

స, దాని జంట. ఐస్ (మంచు గడ్డ), ఐజ్ (కళ్లు); రైస్ (బియ్యం), రైజ్ (పెరుగుదల); ప్రైస్ (ధర), ప్రైజ్ (బహుమతి). ఈ జంటల్లో రెండో ధ్వని తెలుగు రాతలో లేదు. మనం జ తో సరిపెట్టుకుంటాం. కానీ ఆ ధ్వనికి అతి దగ్గరి చుట్టం మన నోట్లోనే ఉంది. జున్ను అనండి. జామపండు అనండి. ఇప్పుడు జీతం అనండి. మొదటి రెండు మాటల్లో నాలుక కొన పళ్ల వెనక ఉంది, మూడోదాంట్లో ఇంకా లోపలికి పోయింది. మన వ్యాకరణాలు వీటిని దంత్య జ, తాలవ్య జ అని వేరు చేశాయి. జున్ను లోని జ ను పట్టుకోండి. నాలుక కొన పళ్ల వెనక తగలబోతూ తగలకుండా ఆగాలి. గాలి ఆగకుండా సన్నగా, గొంతు మోగుతూ పోవాలి. తుమ్మెద ఝుంకారంలా ఎంతసేపైనా సాగదీయగలిగితే ధ్వని దొరికినట్టే. జ అయితే సాగదు, టక్కున తెగిపోతుంది. జూ (జంతు ప్రదర్శనశాల) దగ్గర మొదలుపెట్టండి. ఆ తర్వాత జీరో, జిప్ చేయండి. ఇ, ఈ, ఎ ల ముందు మనకు తాలవ్య జ యే అలవాటు కాబట్టి అవి కొంచెం మొండికేస్తాయి.

మాట చివర వచ్చేటప్పుడు ఇంకొక కిటుకు ఉంది. ఐజ్ లో అచ్చు ఐస్ లో కంటే కాస్త ఎక్కువసేపు సాగుతుంది. చివరి హల్లు కంటే ఈ సాగడమే ఇంగ్లీషు చెవికి ఎక్కువ ఆనవాలు. క్యాప్ కంటే క్యాబ్ లో, బ్యాక్ కంటే బ్యాగ్ లో, సీట్ కంటే సీడ్ లో అచ్చు సాగుతుంది. రొయ్య పిల్లలను సీడ్ అంటారు కదా, దాన్ని కొంచెం సాగదీసి చెప్పండి. చివర ఉ చేర్చకుండా ఆపండి.

ఈ సందర్భంలో ఒక చిక్కు మీ రంగంలోనే ఉంది. రొయ్యకూ పెంకుకూ మధ్య ఖాళీ వచ్చే రోగాన్ని మనవాళ్లు లూజ్ షెల్ అంటారు. తెలుగులో నట్టు లూజైంది, చొక్కా లూజుగా ఉంది అంటాం కాబట్టి జ తోనే అలవాటైపోయింది. ఇంగ్లీషులో వదులుగా ఉన్నదానికి చివర స వస్తుంది, లూస్. ఆ రెండో ధ్వనితో పలికితే పోగొట్టుకోవడం అనే అర్థం. నాణ్యత గురించి ఫిర్యాదు వచ్చిన ఫోనులో, మీ సరుకులో లూస్ షెల్ లేదని చెప్పబోయి పోగొట్టుకోవడం గురించి మాట్లాడుతున్నట్టు వినిపిస్తే అవతలివారు తికమకపడరా? తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలను దిద్దుకోవడం కొత్త మాటలు నేర్చుకోవడం కంటే కష్టం. ఆఫీసు, డాక్టరు, కాలేజీ, లూజు, ఐసు వంటివి మనకు తెలుగు మాటలే. తెలుగులో వాటిని అలాగే పలకండి, అది తప్పు కాదు. ఇంగ్లీషు వాక్యంలోకి వచ్చేటప్పుడు మాత్రం వాటిని కొత్త మాటలుగా నేర్చుకోవాలి. నా విద్యార్థుల చేత ఇలాంటి మాటలకు ఒక ప్రత్యేక పేజీ రాయిస్తాను.

ఇయర్, ఇయర్. ఇది తెలుగువారికి బాగా వచ్చే ఇబ్బంది. అంతర్జాతీయ జాబితాల్లో దీనికి తగిన చోటు అంతగా కనబడదు. మాట మొదట ఇ, ఈ, ఎ, ఏ వస్తే మనం తెలియకుండానే ముందు చిన్న య చేరుస్తాం. ఉ, ఊ, ఒ, ఓ వస్తే చిన్న వ చేరుస్తాం. పాత పుస్తకాల్లో యెవరు, వొకటి అని అచ్చువేసేవారు. అక్షరాలను కూడా యం, యన్, యల్, యస్ అంటాం. ఇంటి పేర్ల పొడి అక్షరాలు ఈనాటికీ అలా రాసుకునేవారు మనలో ఎంతోమంది.

కోనసీమ నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయితో అభ్యాసం చేయిస్తున్నాను. నేను చెవి పోటుతో వచ్చిన రోగిని, ఆమె వివరాలు రాసుకోవాలి. ఎంతో మర్యాదగా, చక్కటి వ్యాకరణంతో, ఏ చెవి అని అడిగింది. నా చెవికి మాత్రం ఏ సంవత్సరం అని వినబడింది. నేను రోగిలాగే జవాబిచ్చాను, 2019 అన్నాను. ఆ అమ్మాయి కలం ఆపి నా వైపు చూసింది. నేను ఎందుకు సంవత్సరం చెప్పానో ఆమెకు అర్థం కాలేదు, ఎందుకంటే తాను పలికింది తన చెవికి చెవి అనే వినబడింది. రికార్డు చేసి వినిపించాను. నిఘంటువులోని రెండు మాటలూ పక్కపక్కన వినిపించాను. అప్పుడు తల ఊపింది.

ఆమెకు చెప్పిన ఉపాయమే మీకూ చెబుతాను. హ తో మొదలయ్యే మాట తీసుకుని హ ను క్రమంగా తగ్గించండి. హియర్, హియర్, ఇయర్ (చెవి). హీట్, హీట్, ఈట్. హోల్డ్, హోల్డ్, ఓల్డ్. హ అంటుండగానే నోరు తర్వాతి అచ్చు ఆకారానికి వచ్చేస్తుంది కాబట్టి య, వ చొరబడే సందు ఉండదు. సంవత్సరానికి మాత్రం యాలకులు లోని య ను గుర్తుంచుకుని స్పష్టంగా మొదలుపెట్టండి. ఓన్లీ, ఓపెన్, ఓన్ అనే మాటలు మీ సంభాషణల్లో చాలా వస్తాయి. వాటి ముందు వ లేకుండా చూసుకుంటే మాట తీరే మారిపోతుంది.

నర్సింగ్ వాళ్లు ఇది చదువుతుంటే వారికో మాట. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష మౌఖిక భాగంలో చూసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి. నాలుగింటికీ సమాన బరువు. తెలుగు యాస ఉన్నందుకు భయపడనక్కరలేదు, వినేవారు శ్రమ పడవలసి వస్తేనే నష్టం.

కాస్ట్ జంట. ఖర్చు అనే మాటలో బ్రిటిష్ వారి అచ్చు పొట్టిది, పెదవులు కొద్దిగా గుండ్రంగా ఉంటాయి. ఒ అంటూ దవడను ఇంకొంచెం కిందికి దించితే దగ్గరికి వస్తుంది. కులం అనే మాటలో మన ఆ యే, పొడుగ్గా. ఉత్పత్తి ఖర్చు గురించి మాట్లాడుతూ కులం గురించి మాట్లాడినట్టు వినిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు. స్టాక్, కాలర్, స్పాట్, షాట్, పాట్ అన్నింటికీ ఇదే వైద్యం. అమెరికా వాళ్లు ఈ అచ్చులను వేరే తీరులో పలుకుతారు. అందుకే మొదట్లో ఒక్క ఉచ్చారణను, బ్రిటిష్ గాని అమెరికన్ గాని, పట్టుకుని నిఘంటువులో దాన్నే వినండి. మీ కొనుగోలుదారులు ఎక్కువమంది ఏ దేశం వారైతే దాన్ని ఎంచుకోండి.

పెన్, ప్యాన్ మీద సమయం పెట్టకండి. వచ్చాడు, కొట్టాడు అనేటప్పుడు మన కోస్తా నోట్లో పలికే ఆ అచ్చే బ్యాంకు లోనిది. అది మనకు ఉన్నదే.

అంకెలు. ఇవి మీకు ప్రాణం మీదికి వచ్చే జంటలు: థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ, సిక్స్‌టీన్, సిక్స్‌టీ. మన చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అని. ఎగుమతిలో 16/20, 21/25, 26/30 అనేవి పౌండుకు లెక్క. 16 అన్నది 60 గా వినబడితే మాట ఎక్కడి నుంచి ఎక్కడికో పోతుంది. పదహారు చెప్పేటప్పుడు ఒత్తు (గట్టిగా పలకడం) రెండో భాగం మీద పడాలి, అచ్చు సాగాలి, చివరి న్ వినబడాలి. అరవైకి ఒత్తు మొదటి భాగం మీద, చివరి ఈ పొట్టిగా. మనం తెలుగులో లాగా రెండు భాగాలకూ సమానంగా బరువు వేస్తాం కాబట్టి తేడా పోతుంది.

అయితే పక్కన ఇంకో అంకె వచ్చినప్పుడు ఇంగ్లీషు వాళ్లే ఒత్తును ముందుకు జరుపుతారు. అంటే 16/20 అని చెప్పేటప్పుడు పదహారులో కూడా మొదటి భాగమే గట్టిగా పలుకుతారు. ఎంత సాధన చేసినా ఇక్కడ తేడా సన్నగానే ఉంటుంది. కాబట్టి ఫోనులో సిక్స్‌టీన్ అన్న వెంటనే వన్ సిక్స్ అని అంకెలు విడదీసి చెప్పడం అలవాటు చేసుకోండి. అనుభవం ఉన్న వ్యాపారులు ఏ దేశం వారైనా అదే చేస్తారు.

ఇక సాధన ఎలా చేయాలో చెబుతాను. రోజుకు పావుగంట చాలు. ఒకసారికి ఒక్క జంటే.

ముందు వినడం. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ నిఘంటువుల్లో దాదాపు ప్రతి మాటకూ బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ ఉన్నాయి. మీరు ఎంచుకున్న ఉచ్చారణను రెండు నిఘంటువుల్లోనూ వినండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టండి. వారు ఫోనును మీకు కనబడకుండా పట్టుకుని జంటలో ఏదో ఒక మాటను నొక్కాలి, మీరు ఎడమదా కుడిదా అని వేలు చూపించాలి. పదికి తొమ్మిది సరిగా చెప్పేదాకా నోరు తెరవకండి. పదికి ఐదు వస్తున్నాయంటే ఊహించి చెబుతున్నారని అర్థం. ఇది విసుగు పుట్టించే దశ. నా దగ్గర మానేసిన వారందరూ ఇక్కడే మానేశారు, దీన్ని దాటినవారికి మిగతాది చాలా తేలిగ్గా వచ్చింది.

తర్వాత పలకడం. అద్దం, కాగితం ముక్క, గొంతు మీద వేళ్లు. జంటను పలికి ఫోనులో రికార్డు చేసుకుని నిఘంటువు గొంతు పక్కన పెట్టి వినండి. ఆ రోజే కాకుండా మర్నాడు వింటే తప్పులు బాగా వినిపిస్తాయి. ఫోనులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం ఉంది కదా, దానితో కూడా పరీక్షించుకోవచ్చు. కాకపోతే భాషను ఇండియన్ ఇంగ్లీషు నుంచి మీరు ఎంచుకున్న దేశానికి మార్చి, ఒక్కో మాటను విడిగా చెప్పండి. పూర్తి వాక్యం చెబితే ఆ యంత్రం సందర్భాన్ని బట్టి మీ తప్పును అదే సర్దేస్తుంది.

చివరగా వాక్యం. విడి మాటల్లో వచ్చిన ధ్వని వాక్యంలో జారిపోతుంది. మీ కార్యాలయంలో నిజంగా వాడే పది వాక్యాలు రాసుకోండి, ధర, బరువు, ఓడ బయలుదేరే తేదీ, ప్యాకింగు గురించి. ప, ట, క, రెండు వ లు, స జంట ఎక్కడెక్కడ వస్తున్నాయో వాటి కింద గీత గీయండి. ఫోను చేసే ముందు ఒకసారి పైకి చదవండి. కథల పుస్తకాల వాక్యాలు వద్దు, మీ వాక్యాలే కావాలి.

ఒక్కో జంటకు వారం పది రోజులు పడుతుంది. ప, ట, క లు తొందరగా వస్తాయి. స జంట మాట చివర రావడానికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

అన్నీ సాధించినా ఫోనులో కొంత ఇబ్బంది మిగులుతుంది. అది మీ తప్పు కాదు. మామూలు ఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే మోసుకెళ్లేలా ఏర్పాటైంది. స, ఫ వంటి ధ్వనుల ఆనవాళ్లు చాలావరకు అంతకంటే పైన ఉంటాయి. అందుకే ఎదురుగా కూర్చుంటే అర్థమైన మాట ఫోనులో అర్థం కాదు. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్ లో ఈ పరిధి సాధారణంగా పెద్దది, వీలైతే వాటినే వాడండి. పేర్లు, మెయిల్ చిరునామాలు చెప్పేటప్పుడు ప్రతి అక్షరానికీ ఒక ఊరి పేరు జతచేయండి: యస్ అనకుండా ఎస్ ఫర్ సింగపూర్, ఎం ఫర్ ముంబయి, ఎన్ ఫర్ నాగపూర్.

చేయగలం, చేయలేం అన్న రెండు మాటలను కూడా ఫోనులో నమ్మకండి. అమెరికా వాళ్ల నోట క్యాన్, క్యాంట్ లలో అచ్చు ఒకటే, చివరి ట దాదాపు మింగేస్తారు. మీరు చేయలేం అని చెప్పవలసి వచ్చినప్పుడు క్యానాట్ అని పూర్తిగా చెప్పండి. వాళ్లు చెప్పినప్పుడు సందేహం ఉంటే అవునా కాదా అని అడగండి. ధర, కౌంటు, తేదీ మాట్లాడిన ప్రతిసారీ ఆ మూడింటినీ ఫోను పెట్టేసిన వెంటనే మెయిల్లో అంకెలతో రాసి పంపి, సరేనని జవాబు తెప్పించుకోండి.